ముందు గొంతు, తర్వాత బ్యాకప్

హన్మకొండల మా ఆఫీసు నెట్‌వర్క్‌కు మొత్తానికి క్యూలు, అంటె ఏ డేటా ముందు పోవాలె, ఏది ఆగాలె అనే వరుసలు, సెట్ చేసినం. పొద్దూకినంక బ్యాకప్ మొదలైతే చాలు, నెట్ మీద చేసే కాల్స్‌ల గొంతులు తెగిపోతుండె. "పెద్ద లైన్ తీసుకుందాం సార్" అన్నరు మా పోరగాళ్లు. ఎంత పెద్దది తెచ్చినా బ్యాకప్ మొత్తం మింగుతది.

మాట 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్‌గ, అంటె చిన్న డేటా ముక్కగ, పోతది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటెనే ముచ్చట సాఫీగ నడుస్తది. బ్యాకప్‌కేం తొందర? కాజీపేటల గూడ్స్ బండి లెక్క లూప్‌లైన్‌ల ఆగొచ్చు. అందుకే వాయిస్ ప్యాకెట్లకు 46 నంబరు గుర్తేసి (ఇది ముందు పోవాలెనని నెట్‌వర్క్‌కు చెప్పే గుర్తు) ముందు వరుసల పెట్టినం.

ఆ ముందు వరుసకూ హద్దుండాలె, లేకుంటె మిగిలిన వాటికి వంతే రాదు. అది మా నెట్ లైన్ సామర్థ్యంల మూడో వంతు దాటొద్దని నా పట్టు. మేనేజర్‌కేమో తన వీడియో కాల్ గూడ అండ్లనే ఉండాలెనట!