మనకి దేవుళ్ళు ముగ్గురా, డాడీ?

మేం క్రైస్తవులం. గుంటూరులో మా వీధివాళ్ళ దృష్టిలో మేం ఒక్క దేవుణ్ణే పట్టుకు వేలాడే మనుషులం. వినాయక చవితికి చందా ఇచ్చేవాళ్ళం, ప్రసాదం మాత్రం పుచ్చుకునేవాళ్ళం కాదు. పక్కింటి మామ్మగారికి ఇది బొత్తిగా మింగుడుపడేది కాదు. "ఏ పేరుతో పిలిస్తే ఏంట్రా, అందరూ ఒకటే కదా, మీకెందుకంత పట్టింపు?" అనేవారు. ఇప్పుడు షార్జాలో మా పాపకి ఎదురయ్యే ప్రశ్న దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. "మీకు ముగ్గురు దేవుళ్ళటగా?" అక్కడ ఒక్కడే ఎందుకని అడిగారు, ఇక్కడ ముగ్గురేంటని అడుగుతున్నారు. మేం నమ్మేది అదే. చుట్టుపక్కల వాళ్ళే మారారు.

నన్ను చిన్నప్పుడు త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకం గురించి, ఎవరూ ఏమీ అడగలేదు. ఆరాధన చివర పాస్టర్ గారు చేతులెత్తి దీవించేటప్పుడు చెవిన పడే మాట అది, అంతే. స్కూల్లో స్నేహితులు "ఓహో, బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్లాగన్నమాట" అనేసి సర్దుకునేవారు. ఆ పోలిక కుదరదు. సృష్టి, స్థితి, లయ అని పనులు పంచుకున్న ముగ్గురు కారు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. కానీ దాని మీద వాదనకి దిగే పని ఎవరికీ పడలేదు. ముగ్గురున్నారు, ఒక్కడే అంటే మన ఊళ్ళో వింతపడేవాళ్ళు లేరు. మా పాపకి ఆ వెసులుబాటు లేదు.

మా ఎదురు ఫ్లాటు వాళ్ళది హైదరాబాద్, టోలీచౌకీ. వాళ్ళమ్మాయి, మా అమ్మాయి ఒకే క్లాసు, ఒకే బస్సు. వాళ్ళమ్మగారు మా ఆవిడతో తెలుగులో మొదలుపెట్టి, కోపమొచ్చినా నవ్వొచ్చినా ఉర్దూలోకి జారిపోతారు. రంజాన్‌కి షీర్ ఖుర్మా ఇటొస్తుంది, క్రిస్మస్‌కి అరిసెలూ కేకూ అటెళ్తాయి. పిల్లలిద్దరూ విడిపోయేది ఒక్క పీరియడ్‌లోనే. ఇక్కడి స్కూళ్ళలో ముస్లిం పిల్లలకి ఇస్లామిక్ స్టడీస్ తప్పనిసరి, మిగతావాళ్ళకి ఆ టైంలో వేరే క్లాసు. ఆ పీరియడ్ అయ్యాకే స్నేహితురాలు మా పాపని అడిగింది. పాప ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా నన్నడిగింది.

నేను ముందు వాళ్ళ సంగతే చెప్పాను. ఆ పిల్ల ఎందుకడిగిందో అర్థం కాకపోతే మన జవాబు ఎంత గొప్పగా ఉన్నా గాలికి పోతుంది. ఖురాన్‌లో 112వ సూరా, అంటే అధ్యాయం, పేరు అల్ ఇఖ్లాస్. నాలుగే ఆయతులు, అంటే వాక్యాలు. "ఖుల్ హువల్లాహు అహద్" అని మొదలవుతుంది. మా పాపకి అప్పటికే నోటికొచ్చు, బస్సులో విని విని పట్టేసింది. అల్లా ఒక్కడే, ఎవరి అక్కరా లేనివాడు, ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకి సాటి లేరు. ముస్లిం ఇంట్లో పిల్లలు చాలా చిన్నప్పుడే నేర్చుకునే మాటలివి. దేవుడికి ఇంకొకరిని జతకట్టడాన్ని షిర్క్ అంటారు. వాళ్ళ లెక్కలో దాన్ని మించిన పాపం లేదు. నీ ఫ్రెండు నిన్ను ఏడిపించడానికి అడగలేదమ్మా, నీ గురించి బెంగపడి అడిగింది అన్నాను.

తర్వాత యేసు సంగతి. ఖురాన్‌లో ఈసా పేరు 25 సార్లు వస్తుంది. 19వ సూరా పేరే మర్యమ్. ఖురాన్ మొత్తంలో పేరుపెట్టి ప్రస్తావించిన స్త్రీ ఆవిడ ఒక్కరే. కన్యగా ఉండగానే ఈసాను కన్నదనీ, ఆ బిడ్డ ఉయ్యాల్లోనే మాట్లాడాడనీ అందులో ఉంది. అబుదాబిలో ముష్రిఫ్ ప్రాంతంలో, చర్చిలకి దగ్గర్లోనే ఒక మసీదు ఉంది. దానికి 2017లో 'మర్యమ్ ఉమ్మ్ ఈసా' అని పేరు మార్చారు, అంటే ఈసా తల్లి మర్యమ్ మసీదు. పాపని తీసుకెళ్ళి ఆ బోర్డు చూపించాం. మనవాళ్ళు చాలామంది ఇక్కడిదాకా వచ్చి "చూశారా, వాళ్ళూ యేసుని నమ్ముతారు" అని సంబరపడిపోతారు. ఇక్కడ ఆగితే పిల్లకి సగమే చెప్పినట్టు. 4వ సూరా 171వ ఆయతు 'ముగ్గురు' అనవద్దని నేరుగా హెచ్చరిస్తుంది. మర్యమ్ కొడుకు ఈసా అల్లా పంపిన ప్రవక్త, ఆయన వాక్కు, ఆయన నుంచి వచ్చిన ఆత్మ, అంతేగాని కొడుకు కాడంటుంది. అదే సూరా 157వ ఆయతు ఆయన్ని సిలువ వేయలేదంటుంది. యెరూషలేములో డోమ్ ఆఫ్ ద రాక్ అనే ముస్లిం కట్టడం లోపల, 691-92 కాలం నాటి రాతల్లో ఆ 171వ ఆయతు ఇప్పటికీ కనిపిస్తుంది. స్కూలు బస్సులో వచ్చిన ప్రశ్న వయసు అదన్నమాట.

ముందు తీసి పక్కన పెట్టాల్సిన అపార్థాలు రెండున్నాయి. 5వ సూరా 116వ ఆయతులో దేవుడు ఈసాను అడుగుతాడు, నిన్నూ నీ తల్లినీ దేవుళ్ళుగా చేసుకోమని జనానికి నువ్వు చెప్పావా అని. దాన్నిబట్టి త్రిత్వమంటే దేవుడు, మరియమ్మ, యేసు అనుకునేవాళ్ళున్నారు. మనం అలా నమ్మం. దేవుడికి భార్య ఉందనీ, అందువల్ల కొడుకు పుట్టాడనీ కూడా నమ్మం. భార్యే లేనివాడికి కొడుకెలా అని 6వ సూరాలో ప్రశ్న ఉంది. అది విని క్రైస్తవుడు కూడా నిజమేననాలి. ఇవి రెండూ తీసేశాక మిగిలేదే అసలు తేడా. పశువుల తొట్టిలో పడుకున్నవాడు, సిలువ మీద ప్రాణం విడిచినవాడు సాక్షాత్తూ దేవుడేనా? మేం అవునంటాం, వాళ్ళు కాదంటారు. "అన్నీ ఒకటేలే" అనేస్తే నాకు ఆ పూటకి గొడవ వదులుతుంది. మామ్మగారు అన్నారంటే ఆవిడ నమ్మకంలో ఆ మాటకి చోటుంది. మా ఎదురెదురు ఫ్లాట్లు రెండింట్లోనూ లేదు.

మన వైపు చెప్పడం కష్టమైంది. 'త్రిత్వం' అనే మాట బైబిల్లో లేదని ఎవరో ఒకరు పాపకి చెప్పక మానరు. అదేదో నేనే ముందు చెప్పేశాను. "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్న ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం మాటనే యేసు మార్కు సువార్తలో మొదటి ఆజ్ఞగా చెప్పాడు. ఒక్కడే అన్న దగ్గర మనం ఒక్క మెట్టు కూడా దిగలేదు. అదే బైబిల్లో యోహాను "వాక్యము దేవుడై యుండెను" అన్నాడు. మత్తయి చివర బాప్తిస్మం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలోకి, ఒకే నామంలోకి, ఇమ్మని ఉంది. ఈ మాటలన్నీ ఒకచోట పెట్టి చదివినవాళ్ళకి చిక్కు తప్పలేదు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పాదిరి కుమారుడు కూడా సృష్టే, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడు. 325లో నైకేయలో, ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్‌లో, బిషప్పులు కూర్చుని ఆ మాట కాదన్నారు. తండ్రి నుంచి జనించినవాడు, చేయబడినవాడు కాడు అని రాశారు. పరిశుద్ధాత్మ గురించిన వాక్యాలు 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో స్థిరపడ్డాయి. "ఎవరినీ కనలేదు" అని ఎదురింటి పిల్ల, "జనించినవాడు" అని మా పిల్ల. ఇంత నేరుగా ఎదురుపడే మాటలు ఇంకెక్కడా ఉండవేమో.

మా సండే స్కూలు జరిగేది శుక్రవారం. గల్ఫులో ఉన్నవాళ్ళకి ఇది జోకు కూడా కాదు. దుబాయ్‌లో ఊద్ మేథాలో షేక్ రషీద్ ఇచ్చిన స్థలంలో కట్టిన చర్చి, దాని పేరే హోలీ ట్రినిటీ, అంటే పరిశుద్ధ త్రిత్వం. ఒక హాల్లో తెలుగు, పక్క హాల్లో మలయాళం, మెట్ల కింద పిల్లల క్లాసు. అక్కడ నీళ్ళు, మంచు, ఆవిరి పోలిక చెప్పి పంపించారు. చిన్నపిల్లలకి చెప్పడానికి బాగానే ఉంటుంది, కానీ అది సబెల్లియస్ అనే ఆయన వాదన. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా వేషం మారుస్తాడన్న ఆ వాదాన్ని సంఘం ఎప్పుడో తోసిపుచ్చింది. యొర్దానులో బాప్తిస్మం చదువు, కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, తండ్రి స్వరం పైనుంచి వినిపిస్తోంది, ముగ్గురూ ఒకేసారి ఉన్నారు కదా అన్నాను. "మరి ఐసూ నీళ్ళూ కూడా గ్లాసులో ఒకేసారి ఉంటాయిగా" అంది. పోలికలతో ఇదే చిక్కు.

నా వివరణలన్నిటికంటే ఎక్కువ పనిచేసింది కింది ఫ్లోర్‌లోని ఈజిప్టు వాళ్ళింట్లో ఒక భోజనం. వాళ్ళు కాప్టిక్ క్రైస్తవులు. పెద్దాయన మణికట్టు లోపల చిన్న సిలువ పచ్చబొట్టు ఉంటుంది. అన్నం ముందు కూర్చుని అరబిక్‌లో ప్రార్థన మొదలుపెట్టారు. "బిస్మిల్ ఆబ్ వల్ ఇబ్న్ వర్రూహ్ అల్ ఖుదుస్, అల్ ఇలాహ్ అల్ వాహిద్, ఆమీన్." తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున, ఒక్కడే అయిన దేవుడు, ఆమేన్. మా పాప కళ్ళు తెరిచి నా వంక చూసింది. చివరి ముక్క మన తెలుగు ప్రార్థనల్లో అలా తగిలించం, మనకి ఆ అవసరం రాలేదు. ముస్లింల మధ్య పదమూడు వందల ఏళ్ళకి పైగా బతుకుతున్నవాళ్ళు ముగ్గురి పేర్లూ చెప్పి ఊపిరి తీసుకోకుండానే 'ఒక్కడే' అంటారు. దేవుణ్ణి అల్లా అనే పిలుస్తారు. నైకేయలో గెలిచిన పక్షాన ఉన్న అథనాసియస్ వాళ్ళ అలెగ్జాండ్రియావాడే అని పెద్దాయన మా ఊరివాడన్నంత ధీమాగా చెప్పారు. బస్సులో ఒంటరిగా జవాబు చెప్పుకుంటున్న పిల్లకి తనలాంటి వాళ్ళు ఈ అరబిక్‌లోనే ఉన్నారని తెలిసింది.

ఎదురింటాయనతో నేనూ అప్పుడప్పుడు బాల్కనీలో మాట్లాడతాను. ఇక్కడ ముస్లింలకి మతం ప్రకటించడం చట్టం ఒప్పుకోదు, నాకా ఉద్దేశమూ లేదు. ఇరుగుపొరుగు కబుర్లు వేరు. ఒకసారి నేను ఖురాన్ సృష్టా, అనాదా అన్న పాత తగువు ఎత్తాను. 833లో ఖలీఫా మామూన్ అది సృష్టేనని ఒప్పుకోమని పండితులని విచారణకి లాగితే, అహ్మద్ ఇబ్న్ హన్బల్ ఒప్పుకోక జైలుపాలయ్యాడు. దేవుడి వాక్కు అనాదిగా దేవుడితో ఉందంటే, మేమనేదానికి ఎంతో దూరంలో లేరుగా అన్నాను. ఆయన టీ గ్లాసు గట్టు మీద పెట్టి, "దూరమే భాయ్. వాక్కు ఆయన గుణం. గుణాన్ని ఎవరూ పూజించరు, అది వచ్చి మనిషిగా పుట్టదు" అన్నాడు. గట్టి జవాబే.

మా పాప పెద్దమ్మ ఫోన్‌లో "వాళ్ళతో అంత స్నేహం దేనికి, పిల్ల మనసు మారిపోతుంది" అంటుంది. నాకు ఆ భయం లేదని చెప్పను, కానీ ఒకరినొకరు ఓడించే డిబేట్ వీడియోలంటేనే ఎక్కువ భయం. వాటిలో రెండు పక్షాలవాళ్ళూ ఎదుటివాడి నమ్మకంలో బక్కగా ఉన్న చోటు చూసే కొడతారు.

ఈమధ్య పాప నన్ను "అసలు ముగ్గురుగా ఉండటం వల్ల దేవుడికేంటి?" అని అడిగింది. నాకు బాగా నచ్చిన జవాబు చెప్పాను. దేవుడు ప్రేమ అంటాం. లోకం పుట్టకముందు ఆయన ఎవరిని ప్రేమించాడు? యోహాను 17వ అధ్యాయంలో కుమారుడు తండ్రితో అంటాడు, జగత్తు పునాది వేయకముందే నువ్వు నన్ను ప్రేమించావని. మర్నాడు బస్సులో అది ఇదే అప్పజెప్పింది. స్నేహితురాలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. "అల్లా అస్సమద్. ఆయనకి ఎవరూ అక్కర్లేదు, ప్రేమించడానికి కూడా."

అది కరెక్ట్ జవాబే కదా డాడీ, మరి మనమేమనాలి అని వచ్చింది. దేవుడికి ఎవరి అక్కరా లేదని మనమూ అంటాం, అక్కర వేరు, నిండుతనం వేరు అన్నాను. దానికి తృప్తి కలగలేదు. ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకుంది, శుక్రవారం పాస్టర్ గారిని అడుగుతుందట. పాపం ఆయనకి ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాను.