క్యూకి నామం

ఈసారి మా పూల్ (బల్ల మీద కర్రతో బంతులు కొట్టి గుంటల్లో వేసే ఆట) లీగ్‌లో పెద్ద రభస ఒక తెల్ల టేపు ముక్క గురించి. యూనివర్సిటీ కుర్రాళ్ల జట్టులో ఒకబ్బాయి తన క్యూ (బంతిని కొట్టే కర్ర) మీద, టిప్ (బంతికి తగిలే కొన) దగ్గర నుంచి జానెడు పొడవున, దారమంత సన్నగా టేపు అతికించుకొచ్చాడు. వంగి కొట్టేటప్పుడు ఆ గీత పైకి కనబడేలా పట్టుకుంటాడు. వరసపెట్టి బంతులు పాకెట్లో (బల్ల అంచు గుంటలో) పడుతుంటే మా కెప్టెన్‌కి మండింది. "ఏం నాయనా, క్యూకి పెట్టినావా నామం, మాకు పెట్టినావా?" అన్నాడు. తిరుపతిలో ఈ మాటకి నవ్వని వాళ్లెవరు? ఆ అబ్బాయి కూడా నవ్వాడు. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. ఫౌల్ ఇవ్వాల్సిందేనని కూర్చున్నాడు.

ప్రపంచ పూల్ సంఘం నియమాల్లో సామగ్రి గురించి చెప్పింది ఇదీ: ఆటలోకి కొత్తరకం సామగ్రి తేకూడదు, ఏ వస్తువునైనా అది దేనికోసం తయారైందో దానికే వాడాలి, అనుమానం ఉంటే ఆట మొదలు కాకముందే నిర్వాహకుల్ని అడగాలి. టేబుల్ మీద గుర్తు పెట్టడం మాత్రం నేరుగా క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన పనుల్లో ఉంది. టేబుల్ మీద సరే, మరి క్యూ మీద?

కుర్రాడు తెలివైనవాడు. పక్క టేబుల్ మీదున్న స్నూకర్ (పూల్ లాంటిదే ఇంకో ఆట) క్యూ తెచ్చి చూపించాడు. స్నూకర్ క్యూలు ఎక్కువగా యాష్ కర్రతో చేస్తారు. ఆ కర్రలో నార చారలు బాణం ములుకుల్లాగా ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. స్నూకర్ ఆటగాళ్లు చాలామంది ఆ ములుకుల్ని ప్రతిసారీ పైకే ఉంచి పట్టుకుంటారు. పూల్ క్యూకి ఎక్కువగా వాడేది మేపుల్ కర్ర, అందులో చారలు కంటికి ఆనవు. కార్బన్ షాఫ్ట్ (క్యూ ముందు భాగం) అయితే ఎక్కువగా నలుపే. "వాళ్లకి దేవుడిచ్చినాడు, నేను టేపుతో వేసుకున్నానన్నా" అన్నాడు. నిర్వాహకుడు టేపుకి సరేనన్నాడు, క్యూకి తగిలించుకునే లేజర్ లైటు మాత్రం మ్యాచ్‌లో వద్దన్నాడు. నాకు సబబే అనిపించింది. లేజర్ మన బదులు దారి చూపిస్తుంది. టేపు చూపించేది క్యూ ఎటు ఉందో, అంతే.

షాఫ్ట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని నడిమి ఎక్కడో కంటికి పట్టు దొరకదు. గీత ఉంటే దొరుకుతుంది. నా లెక్కలో అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. కొట్టేటప్పుడు వెనక చెయ్యి మణికట్టు మెలి తిరిగితే గీత కూడా పక్కకి దొర్లుతుంది. దొంగ అక్కడికక్కడే దొరికిపోతాడు. ప్రాక్టీసులో ఇంత చవకైన గురువు ఇంకోడు లేడు.

గురి మాత్రం గీత వల్ల రాదు. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. తగిలే క్షణంలో వైట్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) నడిమి రంగు బంతి నడిమికి సరిగ్గా అంత దూరంలో, పాకెట్‌కి ఎదురు వైపు ఉండాలి. అంటే మనం గురి పెట్టాల్సిన చోట గాలి తప్ప ఏమీ ఉండదు. కొత్తవాళ్లు గీతని తిన్నగా తీసుకెళ్లి రంగు బంతి మీద తగలాల్సిన చుక్కకే పెడతారు. కట్ షాట్‌లో, అంటే రంగు బంతిని పక్కకి కోసి పంపే దెబ్బలో, అట్లా పెడితే థిక్ (కావాల్సినదానికంటే నిండుగా) పడి తీరుతుంది. కంటికి ఆనే గుర్తు ఉన్న కట్ నాకు తెలిసి ఒక్కటే, హాఫ్ బాల్: గీత రంగు బంతి అంచుకి సూటిగా ఉంటే ఆ బంతి 30 డిగ్రీల కోణంలో పోతుంది. సైడ్ వేస్తే, అంటే వైట్‌ని నడిమిన కాక పక్కన కొడితే, ఆ లెక్కా మారుతుంది. కుడి సైడ్ కొడితే వైట్ కాస్త ఎడమకి జరిగి పోతుంది. పైగా బంతులు చాక్ పొడితో మాసి ఉంటే రాపిడి పెరిగి కట్ షాట్లు ఇంకాస్త థిక్ పడతాయి. మా క్లబ్బులో బంతులు తుడిచేది లీగ్ ఉన్న రోజే, అది వేరే కథ.

నేను పనిచేసేది తిలక్ రోడ్డులో ఒక కళ్లజోళ్ల షాపులో. అందుకే ఈ గొడవంతా జరుగుతుంటే నా ధ్యాస టేపు మీద కాక ఆ అబ్బాయి తల మీద ఉంది. గడ్డం సరిగ్గా క్యూ మీదికే పెడుతున్నాడు, కానీ గీత చూడ్డానికి ముఖం కొంచెం కుడికి తిప్పుతున్నాడు. షాపుకి రమ్మన్నాను. రెండు చేతులూ చాపించి, వేళ్ల మధ్య చిన్న సందు పెట్టించి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాను. కుడి కన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమ కన్ను మూస్తే మాయమైంది. కుడిచేతి వాటం, ఎడమ కంటి పెత్తనం. ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు, అది జబ్బేం కాదు. కాకపోతే క్యూ ముఖానికి సరిగ్గా మధ్యలో ఉండాలన్న పట్టుదల వాళ్లకి పనికిరాదు. టేబుల్ రెండు చివర్లలో మధ్య డైమండ్లకి (అంచు చెక్క మీది గుర్తులకి) సూటిగా క్యూ పడుకోబెట్టి, దాని మీద వంగి, గీత నిటారుగా కనబడేదాకా తల అటూ ఇటూ జరుపుకోమన్నాను. ఎక్కడ నిటారుగా కనబడితే క్యూ చోటు అదే. ఆ చోటు తెలియకుండా అతికించిన గీత రోజూ వంకరగానే కనబడుతుంది. మనమేమో చెయ్యి సవరించుకుంటూ పోతాం.

కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇంకో తంటా. వంగినప్పుడు తల కిందికి, చూపు పైకి. లెన్స్ పై అంచులోంచో, ఒక్కోసారి ఫ్రేమ్ మీంచో చూస్తాం. పవర్ ఎక్కువుంటే అంచుల్లో బంతి ఉన్నచోట ఉన్నట్టు కనబడదు. 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్లో స్టీవ్ డేవిస్‌ని ఆఖరి బ్లాక్ మీద 18–17తో ఓడించిన డెనిస్ టేలర్ పెట్టుకున్న ఆ పెద్ద తలకిందుల కళ్లజోడు షోకు కోసం కాదు, అద్దం కనుబొమల పైదాకా రావాలని.

ఇదంతా విని మా కెప్టెన్ కూడా వచ్చాడు. ఆయనది ప్రోగ్రెసివ్ లెన్స్ (పైన దూరం చూపు, కింద దగ్గర చూపు ఉన్నది), ముక్కు మీదికి జారే ఫ్రేమ్. ఆటకి వేరేగా దూరం చూపు పవర్ ఒక్కటే వేసి, ఎత్తైన అద్దంతో ఒకటి చేయించుకోమన్నాను. ఆర్డరిచ్చాడు. డబ్బులు లీగ్ అయ్యాక ఇస్తానన్నాడు.