ఎత్తని ఫోనుకు రెండు చార్జీలు: నా రోమింగ్ అనుభవం

నా బిల్లు సరిచేశామని నిన్న సాయంత్రం కబురు వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

ఉద్యోగం పనిమీద పది రోజులు విదేశంలో ఉన్నాను. మన నంబరుతోనే విదేశంలో ఫోను వాడుకునే రోమింగ్ సేవ తీసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. విమానం దిగగానే ఫోను అక్కడి నెట్‌వర్కును పట్టుకుంది. డేటా రోమింగ్ ఆపేసి, ఇంటర్నెట్ అవసరాలన్నీ వైఫైతోనే గడుపుకున్నాను. అన్ని రోజుల్లో నేను చేసిన కాల్స్ మూడే మూడు. తిరిగొచ్చాక చేతికందిన బిల్లు మాత్రం మామూలు నెలకు తొమ్మిది రెట్లు!

వివరాలు తీసి చూస్తే 29 కాల్స్ ఉన్నాయి. నేను చేసిన మూడూ పోగా మిగిలిన 26 జంటలు జంటలుగా ఉన్నాయి. ఒక ఇన్‌కమింగ్ కాల్, వెంటనే స్వదేశానికి ఒక అవుట్‌గోయింగ్ కాల్. దాదాపు అన్నీ అక్కడ అర్ధరాత్రి దాటాక, నేను గాఢనిద్రలో ఉన్న వేళ నమోదైనవే.

నా ఫోను సంస్థ సేవాకేంద్రానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి కౌంటరులోని ఉద్యోగి తెర నా వైపు తిప్పి, "మీ నంబరు నుంచే వెళ్ళాయండీ. ఎవరికి చేశారో మీకే గుర్తులేకపోతే మేమేం చెప్పగలం?" అని నవ్వాడు. నా వెనక వరుసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. రెండోసారి, "రాత్రిపూట ఫోను ఎవరి చేతికైనా ఇచ్చారేమో గుర్తు చేసుకోండి" అన్నాడు. మూడోసారి పైఅధికారి వచ్చి, ముందు డబ్బు కట్టి తర్వాత మాట్లాడమన్నాడు. చేయని పనికి సంజాయిషీ చెప్పుకుంటూ పదిమందిలో నిలబడటం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది. లెక్క తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ, ఎదుటి మనిషిని అబద్ధాలకోరును చేయకూడదు.

ఆ రాత్రే బిల్లు ముందేసుకుని కూర్చున్నాను. పదమూడు అవుట్‌గోయింగ్ కాల్స్ వెళ్ళింది ఒకే నంబరుకు. అది నా వాయిస్‌మెయిల్ నంబరు, అంటే నేను ఫోను ఎత్తనప్పుడు అవతలివాళ్ళ సందేశాన్ని రికార్డు చేసే సేవ నంబరు! సంస్థ వాళ్ళు పట్టుకోలేని ముడిని నేను గంటలో విప్పాను.

జరిగింది ఇది. నాకు ఎవరైనా ఫోను చేస్తే ఆ కాల్ మొదట మా సంస్థకు చేరుతుంది. నేనున్న విదేశీ నెట్‌వర్కుకు దాన్ని మోసుకువెళ్ళే ఖర్చు నాది. అక్కడ ఫోను మోగుతుంది, నేను ఎత్తను. ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కు పంపమనే ఫార్వర్డింగ్ (కాల్ మళ్ళింపు) అమర్చి ఉంది కాబట్టి, అదే కాల్ అక్కడి నుంచి మళ్ళీ స్వదేశానికి మళ్ళుతుంది. అది నేను చేసిన అంతర్జాతీయ కాల్ కింద లెక్కలోకి వస్తుంది. ఎత్తని ఒక్క ఫోనుకు రానూపోనూ రెండు చార్జీలు! కాల్స్ అన్నింటినీ మోగకముందే మళ్ళించే అమరిక పెట్టుకుని ఉంటే, మా సంస్థే వాటిని స్వదేశంలో మళ్ళించేది. అవి దేశం దాటేవే కావు.

కాబట్టి బయలుదేరే ముందు ##004# నొక్కి కాల్ చేయండి. జీఎస్‌ఎం (సిమ్ కార్డుతో నడిచే మొబైల్ పద్ధతి) నెట్‌వర్కుల్లో ఎత్తనప్పుడు, బిజీగా ఉన్నప్పుడు, అందనప్పుడు జరిగే మళ్ళింపులు రద్దవుతాయి. ##002# అయితే అన్ని మళ్ళింపులూ పోతాయి. డేటా రోమింగ్ ఆపేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, దానికీ కాల్స్‌కూ సంబంధం లేదు. కౌంటరులో సలహా అడగడం మాత్రం దండగ.

ఇది తప్పించలేని ఖర్చేమీ కాదు. రోమింగ్‌లో ఉన్న వినియోగదారుకు వాయిస్‌మెయిల్ సందేశం వచ్చినందుకు చార్జీ వేయకూడదని ఐరోపా సమాఖ్య 2010 జూలై 1 నుంచే నిబంధన అమలు చేసింది. సమాఖ్య దేశాల మధ్య అదనపు రోమింగ్ చార్జీలను 2017 జూన్ 15న తీసేసింది. గట్టిగా చట్టం చేస్తే ఆగే వసూలు ఇది. చట్టం లేనిచోట నిద్రపోతున్నవాడి దగ్గర కూడా డబ్బు గుంజుతారు.

పదమూడు జంటలనూ వేళలతో సహా పట్టిక వేసి, లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపాను. పదకొండో రోజున అవుట్‌గోయింగ్ చార్జీలన్నీ రద్దు చేశారు. ఇన్‌కమింగ్ చార్జీ వాళ్ళ ధరల పట్టికలో స్పష్టంగా ఉంది కనుక దాన్ని కట్టేశాను. కౌంటరులో నవ్విన ఉద్యోగి నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క మాట రాలేదు.