కినోషిత సినిమా వెతుక్కుంటూ షోడోషిమకి

జపాన్‌లో తకమత్సు రేవు నుంచి షోడోషిమ దీవికి ఫెర్రీలో గంట ప్రయాణం. సముద్రం చెరువులా ఉంది, కుదుపన్నదే లేదు. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు మాత్రం సణుగుతూనే ఉన్నాడు. "అన్నయ్యా, ఇటొచ్చినవాళ్ళంతా నవోషిమలో మ్యూజియాలు చూడ్డానికి పోతారు. పాత బడి కోసం ఇంత దూరం వచ్చేది నువ్వొక్కడివే."

వాడి తప్పేం లేదు. మన దగ్గర సినిమా పిచ్చివాళ్ళకి కూడా జపాన్ అంటే కురొసావా, ఒజు. దర్శకుడు కెయిసుకె కినోషిత పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. కురొసావా, ఈయనా ఇద్దరూ 1943లోనే దర్శకులయ్యారు. 1954లో 'కినెమా జుంపో' పత్రిక ఓటింగులో మొదటి స్థానం కినోషిత 'ట్వంటీఫోర్ ఐస్'ది, రెండోదీ ఆయన సినిమాదే. కురొసావా 'సెవెన్ సమురాయ్'కి దక్కింది మూడోది.

దీవిలోని తోనొషో రేవులో దిగగానే 'ట్వంటీఫోర్ ఐస్' కథలోని టీచరమ్మ, చుట్టూ పన్నెండుమంది పిల్లల విగ్రహాలు. ఆ సినిమాకి మూలమైన సకాయె త్సుబోయి నవలలో ఈ దీవి పేరే ఉండదు. కినోషిత వచ్చి ఇక్కడ తీశాడు, అంతే, ఊళ్ళు ఊళ్ళు ఆ కథని సొంతం చేసుకున్నాయి.

సినిమాలోని బడి ఉన్న తనౌరాకి బస్సు అఖాతం చుట్టూ తిరిగి పోతుంది. అవతలి ఒడ్డు కళ్ళెదుటే ఉంటుంది, పడవైతే ఇట్టే దాటేస్తుంది. రోడ్డు మాత్రం తిరిగీ తిరిగీ గాని చేరదు. సినిమా చూసినప్పుడు నాకు పట్టని సంగతి ఇది. కథ నడిచేదంతా ఈ చుట్టుదారి మీదే. అవతలి ఒడ్డు నుంచి వచ్చే ఆ టీచరమ్మ, ఓయిషి టీచర్, సైకిలెక్కేది ఇందుకే. పిల్లలు ఆకతాయితనంగా తవ్విన గోతిలో పడి కాలు దెబ్బతిన్నాక ఆమె బడికి రాలేకపోయేదీ ఇందుకే. ఇంట్లో చెప్పకుండా ఆమెని చూడ్డానికి పిల్లలు బయల్దేరి, నడవలేక ఏడుపు మొదలుపెట్టేదీ ఈ దారిలోనే.

బడి 1902లో కట్టిన చెక్క భవనం. మూడు గదులు. 1971 దాకా నడిచింది. బల్లలు ఎంత పొట్టివంటే తమ్ముడు కూర్చుంటే మోకాళ్ళు కింద పట్టలేదు. ఈ వయసు పిల్లలు పెద్దయినట్టు చూపించాలి కదా, దానికి కినోషిత పోలికలున్న అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్ళనీ వెతికి మరీ తీసుకున్నాడు. అందుకే ఆ మగపిల్లల్లో కొందరు యుద్ధంలో పోయారని తెలిసినప్పుడు మనవాళ్ళే పోయినట్టుంటుంది.

దగ్గర్లోనే సినిమా విలేజ్ ఉంది. టికెట్ కొని వెళితే ఆ సెట్ 1987లో మళ్ళీ తీసిన సినిమాదట! కొంచెం ఉసూరుమనిపించింది. అల్యూమినియం పళ్ళెంలో పెట్టిన పాతకాలపు స్కూలు భోజనం, కూరలాంటి స్ట్యూ, నూనెలో వేయించిన బన్ను మాత్రం బాగున్నాయి. తమ్ముడి సణుగుడు అక్కడితో ఆగింది.

వాణ్ణి ఒసాకాలో దింపి నేను హమమత్సు వెళ్ళాను. కినోషిత పుట్టిన ఊరు. అక్కడ పాత బ్యాంకర్ల సంఘం భవనంలో ఆయన మ్యూజియం ఉంది. 1944లో సైన్యం కోసం తీసిన సినిమా చివర్లో, కవాతులో వెళ్తున్న కొడుకు వెంట తల్లి జనాన్ని తోసుకుంటూ పరిగెడుతుంది. అది పైవాళ్ళకి నచ్చలేదు. యుద్ధం అయ్యేదాకా ఆయన మళ్ళీ మెగాఫోన్ పట్టలేదు. ఊరికి తిరిగొచ్చాడు. బాంబులు పడుతుంటే మంచం పట్టిన తల్లిని బండిలో పడుకోబెట్టి, అన్నతో కలిసి కొండదారిన లాక్కెళ్ళి కాపాడుకున్నాడు. అలాంటివాడు 1958లో 'ద బాలడ్ ఆఫ్ నరయామా' తీశాడు. అందులో కొడుకు తల్లిని వీపున మోసుకెళ్ళి కొండ మీద చావుకి వదిలేసి వస్తాడు. ఆ సినిమా దాదాపు మొత్తం స్టూడియో సెట్లలో, జపాన్ సంప్రదాయ కబుకి నాటకం పద్ధతిలో తీసిందే. ఆఖర్న మాత్రం ఒక అసలు రైల్వే స్టేషన్ కనిపిస్తుంది, ఒబాసుతె. నాగానో వైపు ఉంది. ఈసారి లీవు దొరికితే అటు.