మేజా మీద తీగ ఉచ్చు

మా ప్రొఫెసర్ గారు ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇళ్ల దొంగతనాలు, వాహనాల చోరీల మీదే పరిశోధన చేశారు. పదవీ విరమణ దగ్గరపడుతున్న వయసులో వన్యప్రాణి నేరాల వైపు మళ్లారు. తోటి అధ్యాపకుల్లో కొందరికి అది చాదస్తంగా తోచింది. నిజానికి ఆయన దారి మారలేదు. నేరస్థుడి మనసు మార్చడం కంటే నేరానికి దొరికే సందు మూయడం సులువని నమ్మారు. ఆ నమ్మకంతోనే నగరం నుంచి అడవిలోకి వెళ్లారు.

ఆయన చెప్పిన పశ్చిమ జర్మనీ పాఠం మన బ్యాచిలో ఎవరూ మరిచిపోయి ఉండరు. హెల్మెట్ లేకుండా బండి నడిపితే అక్కడికక్కడే జరిమానా వేసే పద్ధతి 1980లో వచ్చింది. ప్రాణరక్షణ కోసం తెచ్చిన నిబంధన అది. అయినా, ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటారు సైకిళ్ల చోరీలు 1986 నాటికి సుమారు మూడో వంతుకు పడిపోయాయి. కనిపించిన బండిని ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఎక్కడుంటుంది? ఇట్టే దొరికిపోతాడు. తగ్గిన చోరీలకు తగ్గట్టు కార్ల దొంగతనాలేమీ పెరగలేదు.

వన్యప్రాణి నేరాల తొలి తరగతికి ఆయన ఒక ఉచ్చు తెచ్చారు. సైకిల్ బ్రేకు తీగను ముడివేసి చేసింది. అంచుల్లో తుప్పు, ముడి దగ్గర నలిగిన పోగులు. మేమంతా శిక్షలు పెంచాలని మాట్లాడుతుంటే ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. ఈ తీగ ఎక్కడిది? వేటగాడు దీన్ని ఏ బాట పక్కన కడతాడు? జంతువు పడిందో లేదో చూడటానికి మళ్లీ ఎప్పుడు వస్తాడు? మాంసం ఎవరు కొంటారు? గంట గడిచేసరికి నల్లబల్ల మీద ఒక్కో దశ, ఆ దశలో అడ్డుపడగలిగే చోటు కనిపించాయి.

మెక్సికోలో చిలుకల దొంగవేట మీద నేరశాస్త్ర పరిశోధకులు పైర్స్, రోనాల్డ్ క్లార్క్ చేసిన అధ్యయనం ఆయనకు ప్రాణం. అక్కడ ఎక్కువగా పట్టుబడేవి అరుదైన, ఖరీదైన జాతులు కావు. జనానికి అందుబాటులో, విరివిగా ఉండేవే. అంటే చాలావరకు ఇది ముఠాల పని కాదు, గూడు అందితే పిల్లల్ని తీసుకెళ్లే పల్లెవాసులది. కాపలా పెట్టాల్సింది గూళ్ల కాలంలో, గూళ్ల దగ్గర. ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించినా, అదుపులేని స్థానిక మార్కెట్లున్న దేశాల్లో, వాటి పొరుగున ఏనుగులు తగ్గుతూనే వచ్చాయని లెమ్యూ, క్లార్క్ చూపించిన సంగతీ ఆయన వల్లే తెలిసింది.

ఈ పద్ధతి పేదరికాన్ని పక్కన పెడుతోందని ఆయనతో చాలాసార్లు వాదించాను. ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఆయన విసుక్కోకుండా వినేవారు. పేదరికం పోయేదాకా ఆ జంతువు ఆగగలదా అని అడిగేవారు.

ఆ తరగతుల్లో పంచిన కాగితాలు నా దగ్గర సగమే మిగిలాయి. మీలో ఎవరి దగ్గరైనా మిగతావి ఉంటే దయచేసి పంపండి. అన్నీ కలిపి మన విభాగం గ్రంథాలయంలో ఉంచుదాం.