అమ్మ మ్రొక్కుబడి, నా 168 రోజులు

మా చర్చి సంఘంలో నా జబ్బు గురించి అమ్మ "నిమ్ము" అని చెప్పింది. క్షయ అనలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిన మన సహోదరి కోసం అంటూ ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ప్రార్థించారట. అసలు జబ్బేమిటో దేవుడికి తెలుసు కాబట్టి సరిపోయింది.

మూడు వారాల పాటు సాయంత్రమయ్యేసరికి జ్వరం, పొడి దగ్గు, గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి పక్క పొడిచినట్టు నొప్పి. ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య నీరు చేరిందని ఎక్స్‌రేలో తేలింది. మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద దిండు వేసి, దాని మీదికి వాలమన్నారు. వీపున పక్కటెముకల సందులో సూది దిగింది. నీరంటే నీళ్ళలాగే ఉంటుందనుకున్నాను. సీసాలోకి దిగింది మాత్రం పలచటి టీ డికాక్షన్ రంగు. 900 మిల్లీలీటర్లు తీశాక దగ్గు ఆగకుండా వచ్చింది, ఆపేశారు. కళ్ళె పరీక్షలో ఏమీ లేదు, మీ నుంచి ఎవరికీ అంటుతుందన్న భయం అక్కర్లేదు అన్నారు డాక్టరు. ఆ మాట నమ్మడానికి అమ్మకు అభ్యంతరం లేదు. ఊరు నమ్ముతుందనే నమ్మకమే లేదు.

బరువు 46 కిలోలు, కాబట్టి రోజుకు మూడు మాత్రలు, పరగడుపున. రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. నెలకు 28 రోజుల లెక్కన మొత్తం 168 రోజులు. మొదటి రోజే మూత్రం నారింజ రంగుకు తిరిగింది. ముందే చెప్పారు గానీ, చూశాక గుండె ఆగినంత పనైంది.

మంచం దిగని ఆ మొదటి నెలలో స్నేహితురాలు ఒక నవల తెచ్చిచ్చింది. గ్రాహం గ్రీన్ 1951లో ప్రచురించిన 'ది ఎండ్ ఆఫ్ ది అఫేర్'. పేరుకు అర్థమేమిటని అమ్మ అడిగితే "ఒక వ్యవహారం ముగింపు" అన్నాను. కోర్టు కథ అనుకుంది.

నవలలో అది 1944 జూన్. లండన్ మీద జర్మనీ పైలట్ లేని బాంబులు వదులుతోంది. వాటి ఇంజను మోత వినిపిస్తున్నంతసేపూ ఫరవాలేదు. మోత ఆగితేనే భయం, అది కిందికి వస్తోందన్నమాట. ఈ మాట నాకు వెంటనే అర్థమైంది. పక్క గదిలో అమ్మదీ అదే పరిస్థితి. నేను దగ్గుతున్నంతసేపూ పడుకునే ఉండేది. దగ్గు ఆగితే లేచి లైటు వేసేది.

అలాంటి బాంబు పడినప్పుడే, ప్రియుడు బెండ్రిక్స్ చనిపోయాడనుకుని, సారా మోకాళ్ళ మీద పడి ప్రార్థిస్తుంది. అతన్ని బతికిస్తే వదులుకుంటానని మాట ఇస్తుంది. అతను లేచి గుమ్మంలోకి వస్తాడు. ఆమె మాట నిలబెట్టుకుంటుంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడు బేరానికి కూర్చుంటాడా? కూర్చున్నా అడిగేది ఇదా? ఆ పూట ప్రార్థన చేయకుండానే మాత్రలు మింగాను.

నాలుగో నెలలో గమనించాను, అమ్మ నాకొక్కదానికే కాఫీ తెస్తోంది. రోజుకు నాలుగుసార్లు తాగే మనిషి. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది, నీరు తీసిన రోజు ఆసుపత్రి వరండాలో మ్రొక్కుబడి చేసుకుందట. నేను లేచి తిరిగితే చాలు, ఇక జన్మలో కాఫీ ముట్టదట. (మా సంఘంలో మొక్కు అనరు, మ్రొక్కుబడి అంటారు. మ కింద ర వత్తు ఉంటే వాక్యానుసారమని కాబోలు.)

"బైబిల్లో యెఫ్తా కూడా మ్రొక్కుకున్నాడమ్మా. మ్రొక్కింది అతను, పోయింది కూతురు."

"నేను నిన్ను మ్రొక్కలేదు కదే, కాఫీనే కదా. అయినా మ్రొక్కుకుని బిడ్డను పొందిన హన్నా నీకు గుర్తు రాదేం?"

నవల మళ్ళీ తీశాను. ఈసారి ప్రార్థన దగ్గర ఆగలేదు. ఆ తర్వాతి రెండేళ్ళ కథ చదివాను, నిదానంగా. దేవుడు లేడని ఎవరైనా నిరూపిస్తే మాట తప్పొచ్చని సారా ఒక నాస్తికుడి దగ్గరికి వెళ్తుంటుంది. అతని వాదనలు వినేకొద్దీ ఆమెకు నమ్మకమే ముదురుతుంది. నాకు అక్కడ నవ్వొచ్చింది. ఎందుకంటే అమ్మ ఆ వారమే అడిగింది, కాఫీ చాక్లెట్ తింటే మ్రొక్కుబడి తప్పినట్టా అని. బేరం నాకు ఇప్పటికీ నచ్చలేదు. బెండ్రిక్స్ దేవుణ్ణి తిట్టే పేజీలు ఇప్పటికీ ఇష్టమే.

మందులు పూర్తయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు. క్షయ అనే చెబుతానన్నాను. అమ్మ మాట్లాడలేదు. వందేళ్ళకు పైగా కిందటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు క్షయ రోగుల కోసమే శానిటోరియం కట్టారు. ఆ మిషన్ల సంఘాల్లో పెరిగిన మనకే ఆ పేరు పలకడానికి నోరు రాదు. చెప్పాను. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మా వాడికీ అదేనమ్మా" అంది, చాలా మెల్లగా.

అమ్మ ఇప్పటికీ పొద్దున్నే నాకు డికాక్షన్ తీస్తుంది. ఫిల్టరు మూత తీసి, ఒక్క క్షణం ముఖం దగ్గర పెట్టుకుని, గ్లాసులోకి వంచుతుంది. నేను చూస్తున్నానని తెలిస్తే, "వాసన లెక్కలోకి రాదు" అంటుంది.