సగానికి మూడో వంతు కలిపితే

బీఎస్సీ పూర్తయిన ఏడాది, తెనాలిలో మా ఇంటి వరండాలో నలుగురు పిల్లలతో ట్యూషన్ మొదలుపెట్టాను. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. నాకు వచ్చినదంతా వాళ్ళకు చెప్పేస్తే చాలనుకున్నాను. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గొంతు బొంగురుపోయేలా చెప్పేదాన్ని. ఒక్కో లెక్కను మెట్టుమెట్టుగా బోర్డు మీద చేసి, "అర్థమైందా?" అని అడిగితే నలుగురూ ఒక్కసారే "అర్థమైందక్కా" అనేవారు. ఆ మాట నమ్మాను.

అర్ధ సంవత్సర పరీక్షల్లో ఇద్దరికి 35 మార్కులు కూడా రాలేదు. అందులో ఒకరు ఏడో తరగతి పాప. వాళ్ళమ్మ జవాబు పత్రం తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

ఆ రాత్రి ఆ పత్రాన్ని ముందు పెట్టుకుని మార్కుల సంగతి వదిలేసి తప్పులు చూశాను. 1/2 + 1/3 = 2/5 అని రాసింది. భిన్నాల కూడికలన్నీ అలాగే చేసింది, ఒక్కటీ తప్పకుండా ఒకే పద్ధతిలో. పరధ్యానంలో చేసిన తప్పులైతే అంత క్రమంగా ఉండవు.

మర్నాడు "క.సా.గు. తీయమని చెప్పాను కదా" అనబోయి ఆగాను. "ఇది ఎలా వచ్చిందో నాకు చెప్పమ్మా" అన్నాను. పాప చాలాసేపు తల దించుకుని పెన్సిలు చివర గిల్లుతూ కూర్చుంది. తప్పు పట్టడానికే అడుగుతున్నానని భయపడింది. చివరికి మెల్లగా చెప్పింది. "మొన్న పరీక్షలో రెండు లెక్కలిస్తే ఒకటి రైటు. నిన్న మూడిస్తే ఒకటి రైటు. మొత్తం ఐదింటికి రెండే కదక్కా."

నాకు నోట మాట రాలేదు. మార్కుల విషయంలో ఆ పాప చెప్పినది అక్షరాలా నిజం. భిన్నమంటే ఆమెకు 'ఇన్నింటికి ఇన్ని'. నేనేమో మొదటి నుంచీ ఒకే వస్తువులో భాగాల గురించి చెబుతున్నాను. ఇద్దరం వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటుంటే నేను క.సా.గు. ఎన్నిసార్లు చెప్పి ఏం లాభం?

పాత క్యాలెండర్ కాగితం నుంచి 30 సెంటీమీటర్ల పట్టీలు కత్తిరించాం. సగం ఎక్కడో స్కేలుతో గుర్తు పెట్టమన్నాను. 15 దగ్గర గీత గీసింది. ఇంకో పట్టీలో మూడో వంతు, 10. "ఇప్పుడు నీ జవాబు కొలువు" అన్నాను. ఐదో వంతు 6, రెండు భాగాలు 12. పాప ఆ గీతను చూసింది, మొదటి పట్టీని పక్కన పెట్టి మళ్ళీ చూసింది. "సగమే పదిహేనుంది. దానికి ఇంకా కలిపితే పన్నెండెలా అవుతుందక్కా?" అంది. ఆ ప్రశ్న ఆమె నోటి నుంచి రావడానికే నేను అన్నాళ్ళూ గొంతు చించుకున్నాను.

ఆ తర్వాత పని ఆమే చేసింది. రెండు పట్టీలనూ సరిగ్గా కొలవగల ఒకే ముక్క కావాలని, అది 5 సెంటీమీటర్లని, సగంలో అలాంటివి మూడు, మూడో వంతులో రెండు పడతాయని కనిపెట్టింది. పట్టీ మొత్తంలో ఆరు. అంటే 5/6. ఆ ఆరునే పుస్తకంలో 2, 3ల క.సా.గు. అంటారని చివర నేను చెప్పాను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. తప్పు కనిపించగానే దిద్దను. ఎలా చేశారో చెప్పించుకుంటాను. పెన్సిలు పిల్లల చేతిలోనే ఉండాలి, నేను లాక్కోకూడదు. ఇది చెప్పినంత సులభం కాదు. పిల్లవాడు ఆలోచిస్తుంటే నిమిషం సేపు నోరు మూసుకుని ఉండడం నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

ఒక అబ్బాయికి సమీకరణం ఇచ్చాను: ఒక సంఖ్యను ఐదు రెట్లు చేసి 3 కలిపితే 18. మూడును అటు పంపి 15 తెచ్చాడు. తర్వాత ఐదును కూడా అటు పంపి, 15 లోంచి తీసేసి, 10 అన్నాడు. "పక్షాంతరం చేస్తే గుర్తు మారాలి కదా టీచర్!" ఆ సూత్రం వాడికి నేర్పింది నేనే. ఇప్పుడు ఆ మాట వాడడం మానేశాను. తక్కెడ బొమ్మ గీసి, ఒక వైపు ఏం చేస్తే రెండో వైపూ అదే చేయాలంటాను. జవాబును మళ్ళీ లెక్కలో పెట్టి చూసుకోమంటాను. 10 పెడితే 53 వచ్చిందని వాడే చెప్పాడు.

పద సమస్యల దగ్గర ఇబ్బంది వేరు. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో చాలామందికి లెక్క వచ్చినా వాక్యం అర్థం కాదు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు నాకు అందుకే ఇష్టం. ముందు తెలుగులో చదివించి, సొంత మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే పెన్సిలు పట్టనిస్తాను. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన పిల్లలు లెక్కను తెలుగులో ఆలోచిస్తే నామోషీ ఎందుకు?

తల్లిదండ్రులకు మాత్రం సిలబస్ తొందర. తొమ్మిదో తరగతి అబ్బాయికి మొదటి రెండు వారాలు భిన్నాలూ ఎక్కాలే చెబుతానంటే వాళ్ళ నాన్నగారు ఒప్పుకోలేదు, పిల్లవాణ్ణి మాన్పించారు. బాధపడ్డాను. అయినా ఏడు ఎనిమిదులు ఎంతో తడుముకునే పిల్లవాడి మీద వర్గ సమీకరణాలు రుద్దలేను.

ఈ వారం ఒక ఎనిమిదో తరగతి పాప (−3) వర్గం −9 అని రాస్తోంది. ఎందుకో రెండు సార్లు అడిగాను, నవ్వి తల దించుకుంది. రేపు పక్కన కూర్చుని మళ్ళీ అడుగుతాను.